మెరుగు బల్ల నుంచి మేడ మీదికి

మరీన్యా గ్రాందె ఊళ్లో పుట్టినవాళ్లకు పని వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు. కొలిమి ముందు నిలబడే ఓపిక ఉంటే గాజు పని, లేకపోతే అచ్చుల పని. గ్రసియెత తండ్రి గాజు ఊదేవాడు. ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా ఆయన ఒంట్లోంచి సెగ పోయేది కాదని వాళ్లమ్మ అంటుండేది. గ్రసియెతకు ఆ సెగ పడలేదు. బడి చదువు ముగిసిన వేసవిలోనే అచ్చుల ఫ్యాక్టరీలో మెరుగు బల్ల ముందు కూర్చుంది. జుట్టు నెరిసేదాకా అక్కడే కూర్చుంది.

దువ్వెన కానీ, పెరుగు డబ్బా మూత కానీ, కారు దీపం కానీ, ప్లాస్టిక్‌తో ఏది చేయాలన్నా ముందు ఉక్కులో దాని అచ్చు తయారవాలి. ఆ ఉక్కు దిమ్మను మిల్లింగ్ మిషన్ తొలుస్తుంది. గిర్రున తిరిగే కట్టర్ వరసలు వరసలుగా లోహాన్ని కొరుక్కుంటూ పోతుంది, పోయిన దారంతా సన్నటి గీతలు వదులుతుంది. ఆ గీతల్ని మొదట రాయితో, తర్వాత వజ్రపు పొడి కలిపిన ముద్దతో రుద్ది రుద్ది, చూసేవాళ్ల ముఖం అందులో కనపడేలా నునుపు చేయడం గ్రసియెత పని. పక్క బల్ల మీద లుదోవీనా అదే పని చేసేది. ఇద్దరూ రేడియో వింటూ, గీతలు మరీ లోతుగా ఉన్న అచ్చు వచ్చినప్పుడల్లా మేడ మీద కంప్యూటర్ల ముందు కూర్చుని మిషన్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లను నోరారా తిట్టుకునేవారు. ఆ తిట్లలో కోపం తక్కువ, కాలక్షేపం ఎక్కువ.

అలాంటిది, ఒక చలికాలం గ్రసియెత కుడి మణికట్టు మొరాయించింది. పొద్దున్నే కాఫీ కప్పు ఎత్తితే చేతిలో నిలిచేది కాదు. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక రుద్దుడు పని మానేయండి. మానకపోతే రేపు చెంచా పట్టుకోవడానికి కూడా ఈ చెయ్యి పనికిరాదు" అని తేల్చేశాడు.

ఫ్యాక్టరీ యజమాని అబీలియో ఆమెను పిలిపించి కూర్చోబెట్టాడు. పెద్దమనిషి, మాటలు పొదుపుగా వాడతాడు.

"స్టోరులో చేతి తొడుగులు, సామాన్లు ఇచ్చే పని ఉంది. సుఖంగా ఉంటుంది. లేదంటే మేడ మీద తెల్మో పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలి. ఆలోచించుకుని చెప్పు గ్రసియెతా."

ఆమె ఆలోచించుకోలేదు. "మేడ మీదికే పోతానండీ" అనేసింది. గదిలోంచి బయటికి వచ్చాక గానీ తానేం అన్నదో ఆమెకు తెలిసి రాలేదు. ఇంట్లో కంప్యూటరు ఉంది కానీ దాంట్లో ఆమె చూసేది అక్క మనవల ఫోటోలు మాత్రమే.

సంగతి విన్న లుదోవీనా చేతిలో రాయి బల్ల మీద పెట్టేసింది. "మేడ మీదికా! మనం ఇన్నాళ్లూ తిట్టింది వాళ్లనే కదే!"

"అందుకే పోతున్నా. అక్కడ వాళ్లు ఏం వెలగబెడుతున్నారో చూడాలని ఎప్పట్నుంచో ఉంది."

"పో, పో. రేపట్నుంచి నిన్నే తిడతాను. స్నేహితురాలివని తగ్గించను, చెప్తున్నా."

"తగ్గిస్తే ఊరుకుంటానా?" అంది గ్రసియెత. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత గ్రసియెత తన రాళ్ల డబ్బాను ఒకసారి తుడిచి లుదోవీనా చేతిలో పెట్టింది.

తెల్మోకి నలభై నిండలేదు. ఇంట్లో పసిబిడ్డ ఉంది కాబట్టి కళ్ల కింద ఎప్పుడూ నిద్రలేమి నల్లగా కనిపించేది. నెమ్మదైన మనిషి, తనకంటే పెద్దదని ఆమెను గౌరవంగా దోనా అని పిలిచేవాడు. మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. మౌస్ పట్టుకోగానే గ్రసియెత మణికట్టులో సలుపు మొదలైంది. తెల్మో మౌస్ తీసి ఎడమ పక్కన పెట్టాడు.

"ఎడమ చేత్తోనా? నేను ఎడమ చేత్తో గిన్నె కూడా తోమలేను నాయనా."

"మంచిదే కదా దోనా గ్రసియెతా. పని వచ్చిన చేతికి పాత అలవాట్లుంటాయి. మీ ఎడమ చేతికి ఏ అలవాటూ లేదు. అన్నీ సరిగ్గానే నేర్చుకుంటుంది."

ఆ చెయ్యి సరిగ్గా నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. తెర మీద ఒక సబ్బుపెట్టె బొమ్మ ఉంది. దాన్ని తిప్పి చూడమంటే అది బోర్లా పడేది. దగ్గరికి తెచ్చుకోమంటే తెరంతా ఒక్కసారి బూడిద రంగు అయిపోయేది.

"పోయింది! నా సబ్బుపెట్టె పోయింది!"

తెల్మో తొంగి చూశాడు. "ఎక్కడికీ పోలేదు. మీరే దాని లోపలికి వెళ్లిపోయారు. ఇప్పుడు మీరున్నది ఉక్కు మధ్యలో."

"అయితే బయటికి లాగు నన్ను! ఊపిరాడట్లేదు."

అతను అంత గట్టిగా నవ్వడం మేడ మీదివాళ్లు అదివరకు వినలేదు.

తిప్పడం వచ్చాక అసలు పాఠం మొదలైంది. ఇక్కడ ఒక దిమ్మ ఉంది, అందులో మనకు కావలసిన ఆకారం దాగుంది, మిగిలిందంతా తీసేయాలి. ఏ కట్టర్‌తో తీయాలి, ఎంత లోతున, ఎంత వేగంతో, ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఎక్కడ అసలు ముట్టుకోకూడదు, ఇవన్నీ మనం చెప్పాలి. మొదట ముతక కోతతో ఎక్కువ లోహం తీసేస్తారు. పల్చటి పొర ఒకటి మిగిల్చి, చివర సన్న కోతతో దాన్ని తీస్తారు. చెప్పినవన్నీ లెక్క వేసుకుని, కట్టర్ నడిచే దారిని కంప్యూటరు నీలం గీతలుగా గీసి చూపిస్తుంది. ఆ పైన ఉత్తుత్తి కోత అని ఒకటి ఉంది. నిజంగా ఏదీ కోయకుండానే, తెర మీద కట్టర్ దిమ్మను తొలుచుకుంటూ పోవడం సినిమాలా చూడొచ్చు. గ్రసియెతకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మధ్యాహ్నం అందరూ సూప్ తాగడానికి కిందికి పోయినా ఆమె రొట్టె కొరుక్కుంటూ ఆ ఉత్తుత్తి కోతలే చూస్తూ కూర్చునేది.

సబ్బుపెట్టెకు ఆమె సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం తెల్మోకి చూపించింది. అతను తెర కింద మూలనున్న అంకె చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"దోనా గ్రసియెతా, ఈ సబ్బుపెట్టె కోయడానికి మిషన్ రెండున్నర రోజులు తిరగాలి."

"ఎక్కువా?"

"పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల లోపల అయిపోవాలి. వరసల మధ్య ఎడం ఎంత పెట్టారు? అమ్మో! ఇంత సన్నగా ఎందుకు?"

"చెయ్యి పెడితే గీత తగలకూడదుగా."

"ఈ అడుగు భాగం బండ మీద ఆనుతుంది. దాని మీద చెయ్యి ఎవరు పెడతారు?"

మెరుగు బల్ల దగ్గర ఆమె కాలాన్ని ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. అచ్చు వచ్చేది, మెరిసేదాకా రుద్దేది. ఎక్కడ నునుపు అక్కర్లేదు అన్న ప్రశ్నే ఆమెకు ఎదురు కాలేదు. ఆ రోజు తెల్మో ఓపికగా ఆకారాన్ని భాగాలుగా విడగొట్టి చూపించాడు. కంటికి కనపడేది, చేతికి తగిలేది, ఎవరికీ పట్టనిది. ఒక్కోదానికి ఒక్కో ఎడం. ఆమె మూడుసార్లు మార్చి రాసింది. అంకె తగ్గుతూ వచ్చి మధ్యాహ్నం భోజనానికి కాస్త ఇటుగా ఆగింది. పరీక్ష పాసైన పిల్లలా ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లింది.

కింద మిషన్ నడిపేది కజిమీరో. గ్రసియెత అక్క ఒతీలియా మొగుడు. పొట్ట ముందుకొచ్చిన మనిషి, పెద్ద గొంతు. మరదల్ని ఆట పట్టించకపోతే ఆయనకు ఆదివారం భోజనం అరగదు. ఆమె ప్రోగ్రాం మొదటిసారి మిషన్‌లోకి వచ్చినప్పుడు ఆయన వేగం సగానికి తగ్గించి, ఎర్రగా పుట్టగొడుగులా ఉండే ఆపు మీట మీద అరచెయ్యి ఆనించి, కోత అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

ఆ ఆదివారం తన ఇంట్లో వేయించిన సార్డీన్ చేపల పళ్లెం ముందు కూర్చుని అందరికీ వినపడేలా చెప్పాడు. "మా మరదలి ప్రోగ్రాం నడిపిన రోజు నాకు చర్చికి పోయే పని లేదు. మిషన్ ముందే దేవుడికి దండాలన్నీ అయిపోతున్నాయి."

"నీ చెయ్యి ఆ మీట మీద అతుక్కుపోయిందేమోనని మేడ మీద మేం బెంగ పడుతున్నాం బావా. ఆలివ్ నూనె రాయమంటావా?" అంది గ్రసియెత.

అందరూ నవ్వారు. ఆమె భర్త ఎర్మీనియో, బడి బస్సు నడుపుతాడు, అతను మాత్రం ఇంటికి వెళ్లే దారిలో అడిగాడు. "బాధేసిందా?"

"కొంచెం. తెల్మో రాసిందైతే బావ చెయ్యి జేబులో ఉంటుంది."

వసంతం వచ్చేసరికి ఆమెకు నిజమైన పని ఇచ్చారు. నారింజలు పిండే గిన్నెకు అచ్చు. మధ్యలో పక్కటెముకల్లాంటి గట్లతో గుమ్మటం, చుట్టూ లోతైన పళ్లెం. ముతక కోత గ్రసియెత రాయాలి, తెల్మో చూసి సరేనన్నాక కిందికి పంపాలి. గురువారం ఆమె రాయడం పూర్తి చేసింది. తెల్మో బిడ్డకు టీకా వేయించడానికి వెళ్తూ, "వచ్చాక చూస్తాను, అప్పటిదాకా ఆగండి" అన్నాడు.

ఆమె ఉత్తుత్తి కోత నడిపి చూసింది. అంతా చక్కగా ఉంది. లోతైన చోట గోడ మీద ఒక ఎర్ర మచ్చ కనిపించింది. సబ్బుపెట్టె పాఠంలో ఎరుపంటే ఇంకా తీయాల్సిన లోహం. సన్న కోతకి వదిలిన పొర కాబోలు అనుకుంది. కింద మిషన్ ఖాళీగా ఉంది. కజిమీరో మెట్ల దగ్గర నిలబడి, "ఏం మరదలా, ఇవాళ పని ఉందా, ఇంటికి పోయి కునుకు తీయనా?" అని కేక వేశాడు. ఆ కేక ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ప్రోగ్రాం పంపేసింది.

ఒక గంట తర్వాత కింది నుంచి కీచుమని చెవులు చిల్లులు పడే చప్పుడు వచ్చింది. వెంటనే ఆగిపోయింది. గ్రసియెత మెట్లు దిగి పరుగెత్తింది. మిషన్ తలుపు తెరిచి ఉంది. కట్టర్ విరిగి పడి ఉంది. దాన్ని పట్టుకుని తిప్పే లావుపాటి హోల్డర్ గోడకు రాసుకుని నీలం తిరిగి ఉంది. ఉక్కు గోడ మీద వేలెడు పొడవు గాటు. తెర మీది ఎర్ర మచ్చ సరిగ్గా అక్కడే ఉంది.

కజిమీరో చెయ్యి ఇంకా ఎర్ర మీట మీదే ఉంది.

"చప్పుడు మారగానే కొట్టేశాను" అన్నాడు. ఆ క్షణంలో ఆయన ఎగతాళి చేసి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

ఆమె తెల్మో కోసం ఆగలేదు. నేరుగా అబీలియో గదికి వెళ్లి నిలబడింది. "తెల్మో చూడకుండా నేనే పంపానండీ. ఎర్ర రంగు చూశాను, దాని అర్థం వేరే అనుకున్నాను. కట్టర్ పొట్టిది పెట్టాను. తప్పు నాదే."

అబీలియో లేచి ఆమెతో పాటు కిందికి వచ్చాడు. కజిమీరో అప్పటికే గాటు లోతు కొలిచి పెట్టుకున్నాడు. "సన్న కోతకి ఆవిడ మిగిల్చిన పొర ఉంది కదా, గాటు అందులోనే ఉంది సార్. అడుగుదాకా దిగలేదు. సన్న కోత పడితే మాయమైపోతుంది" అన్నాడు. అబీలియో గోడ మీద బొటనవేలు రాసి చూశాడు. తర్వాత గ్రసియెత వైపు తిరిగాడు.

"ఇక మీదట ఏం చేస్తావు?"

"ఎరుపు కనపడితే ఎందుకో తెలిసేదాకా కుర్చీలోంచి లేవనండీ."

"సరే, పనికి పో" అన్నాడు. అంతే.

తెల్మో వచ్చాక సంగతి విని తన తలే పట్టుకున్నాడు. "రంగుల సంగతి నేను చెప్పలేదు కదూ! తెర మీద ఒక కిటికీలో ఎరుపంటే ఇంకా తీయాల్సిన లోహం, ఇంకో కిటికీలో ఎరుపంటే హోల్డర్ గోడకు తగులుతోందని. నాకు అలవాటైపోయి నోటికే రాలేదు." ఇద్దరూ కూర్చుని ఆ సాయంత్రమంతా రంగులే చూశారు.

మర్నాడు పొద్దున్నే గ్రసియెత మేడ ఎక్కకుండా మిషన్ దగ్గరికి పోయింది.

"బావా, నిన్న నీ చెయ్యి అక్కడ లేకపోతే నా పని అయిపోయేది."

"నా చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాని సంగతి వదిలెయ్."

"వదలను గానీ, నీ కట్టర్లన్నీ ఒకసారి చూపించు. పైన నేను బొమ్మలు చూసి ఎంచుకుంటున్నాను. చేత్తో పట్టుకుంటే గానీ నాకు ఎక్కదు."

కజిమీరో ఆమె ముఖంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదని తేలాక బీరువా తెరిచి బల్ల మీద గుడ్డ పరిచాడు. ఒక్కో కట్టర్ తీసి పేర్చాడు. బంతి మూతివి, చదును మూతివి, పెన్సిలంత సన్నవి, కొవ్వొత్తంత లావువి. "ఇది పొడుగ్గా బయటికి తీస్తే లోతుకి పోతుంది, కానీ వణుకుతుంది. వణికితే గోడ మీద అలలు పడతాయి. ఇది పొట్టిది, గట్టిగా నిలబడుతుంది, కానీ నిన్నటిలా హోల్డర్ పోయి గోడని తన్నుతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలో అదీ చూసుకోవాలి." ఆయన గొంతు మామూలుగా మిషన్ హోరును మించి ఉంటుంది. ఆ పొద్దున మాత్రం నెమ్మదిగా ఉంది. ఆ రోజు నుంచి పని మొదలయ్యే ముందు కాసేపు ఆ బల్ల దగ్గర నిలబడడం ఇద్దరికీ అలవాటైంది. ఒతీలియా పంపిన అంజూరపు ముక్కలు కూడా ఆ గుడ్డ మీదికే చేరేవి.

నారింజ గిన్నె సన్న కోత రాయడానికి గ్రసియెత తొందరపడలేదు. గట్ల మీదుగా అడ్డంగా పోయే దారి ఒకటి రాసింది, గట్ల వెంట పొడవునా పోయే దారి ఇంకొకటి రాసింది. రెండూ తెర మీద నడిపి చూసింది. అడ్డంగా పోయేది తొందరగా అవుతుంది, కానీ ప్రతి గట్టు దగ్గరా కట్టర్ ఎగిరి దిగుతోంది. పొడవునా పోయేది కుదురుగా ఉంది. తెల్మోని అడిగితే, "మీకేమనిపిస్తోంది?" అన్నాడు.

"పొడవుగానే పోనిద్దాం."

"నేనూ అదే అనుకుంటున్నా. పళ్లెం అడుగున మాత్రం ఎడం పెంచండి, మళ్లీ సబ్బుపెట్టె చేస్తున్నారు."

ఆమె నాలుక కరుచుకుని ఎడం పెంచింది. ఎరుపు ఎక్కడా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తెల్మో చూశాడు. ప్రోగ్రాం కిందికి పోయింది.

కోత మొదలైన కాసేపటికి ఆమె ఏదో పనున్నట్టు మెట్లు దిగింది. మిషన్ ఒకే రాగంలో మూలుగుతోంది. కట్టర్‌ను చల్లబరిచే తెల్లటి నూనె నీళ్లు అద్దం మీద జారుతున్నాయి. లోపల కట్టర్ గట్టు వెంట మెల్లగా పాకుతోంది. మిషన్ ముందు ఎవరూ లేరు.

ఆమె గబగబా చుట్టూ చూసింది. కజిమీరో ఆ చివర కాఫీ మిషన్ దగ్గర చిన్న కప్పు పట్టుకుని, వెల్డింగ్ చేసే మనిషితో ఫుట్‌బాల్ గురించి వాదిస్తున్నాడు. ఆమెను చూసి కప్పు ఎత్తి, "ఏంటి మరదలా, కాఫీ కావాలా?" అని అరిచాడు.

"నువ్వు ఇక్కడ... మరి అది..."

"అదా? దాని పని అది చేసుకుంటోంది. నన్నేం చేయమంటావు, పక్కన నిలబడి పాట పాడనా?"

ఆమె అక్కడే నిలబడి కాఫీ తాగింది. చక్కెర వేసుకోవడం మరిచిపోయింది.

రెండు రోజుల తర్వాత లుదోవీనా మేడ ఎక్కి వచ్చింది. ముఖం ముటముటలాడుతోంది. చేతులకు మెరుగు ముద్ద అంటుకుని నల్లగా ఉంది.

"ఈ నారింజ గిన్నె రాసింది ఎవరు?"

"నేనే" అంది గ్రసియెత.

"పళ్లెం అడుగున దుక్కి దున్ని పెట్టావేంటి? నీకు కళ్లున్నాయా? చేతులు నొప్పి తెలిసినదానివి, నువ్వే ఇలా చేస్తావా!"

"అడుగున మెరుగు అక్కర్లేదని కాగితంలో ఉంది, చూడలేదా? అలాగే వదిలెయ్."

"వదిలెయ్యొచ్చా?"

"వదిలెయ్యొచ్చు."

"అది ముందే చెప్పొద్దూ? సగం పొద్దు రుద్దాను." కుర్చీ లాక్కుని కూలబడింది. తర్వాత గొంతు తగ్గించి, "గట్లు మాత్రం బాగున్నాయి. రాయి పెడితే ఎక్కడా తట్టుకోలేదు" అంది. తెల్మో వినలేదు కదా అని అటు చూసి, మళ్లీ తిట్టు మొదలుపెట్టింది. గ్రసియెత హాయిగా వింటూ కూర్చుంది.

అచ్చు ప్లాస్టిక్ పోసే మిషన్‌కు ఎక్కి, మొదటి గిన్నెలు వేడివేడిగా బయట పడ్డ రోజు అబీలియో అందరికీ తలా ఒకటి ఇచ్చాడు. గ్రసియెత తనదాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. పెరట్లో నారింజలు చివరి కాపులో ఉన్నాయి. ఎర్మీనియో బస్సు అప్పజెప్పి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక పండు సగానికి కోసి గుమ్మటం మీద పెట్టి తిప్పాడు. రసం గట్ల వెంట పళ్లెంలోకి జారింది.

"రసం బాగానే వస్తోంది. గింజలే ఆగట్లేదు" అన్నాడు.

"గింజల సంగతి నన్నడక్కు. బొమ్మ గీసింది వేరేవాళ్లు. కోయించడం వరకే నా పని."

ఎర్మీనియో చెయ్యి ఆపి ఆమె వైపు చూశాడు. "అబ్బో! మేడ మీదివాళ్లలాగే మాట్లాడుతున్నావే!"

గ్రసియెత నవ్వుతూనే గ్లాసు ముందుకు జరిపింది. అతను రెండో సగం కూడా పిండి రసం అందులో పోశాడు. రసంలో తేలుతున్న గింజల్ని ఆమె ఎడమ చేత్తో చెంచా పట్టుకుని ఒక్కొక్కటే తీసి పారేసి, తాగడం మొదలుపెట్టింది.